ఇష్టమను మాట

ఈ విషయమును గూర్చి వ్రాయవలెనని మాకు చిరకాలముగా సంకల్పము కలదు. కాని కలము చేతబట్టినప్పుడెల్ల ఏదో యొక సంకోచము మా చేతిని వెనుకకు లాగుచు వచ్చినది. అరువదినాలుగేండ్ల స్త్రీ, ముప్పదియేండ్లకు పైగా బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన పంతులమ్మ, మనుమలను ఎత్తిన ముసలమ్మ, తన దేహమును గూర్చియు తన యిష్టమును గూర్చియు పత్రికలో వ్రాసికొనుట తగునా యని మాలోని పంతులమ్మయే మమ్ము గద్దించుచుండెడిది. ఈ మాఘమాసమున మా చెల్లెలి కుమార్తె వివాహము జరుగకపోయినచో ఆ గద్దింపే నేటికిని గెలిచియుండును.

పెండ్లికి రెండు దినముల ముందటి రాత్రి. ఇంటినిండ చుట్టములు. గోరింటాకు పెట్టుకొని రెండు చేతులును చాచుకొని కూర్చున్న పెండ్లికూతురు, తక్కినవారందరు నిద్రపోయిన పిదప, మావైపు వంగి మెల్లగా నడిగినది.

"పెద్దమ్మా, ఒకటి అడుగుతాను, తిట్టకూడదు. పెదనాన్నగారితో నీకెప్పుడైనా ఇష్టంగా ఉండేదా?"

ఆ పిల్ల చదువుకొన్నది, ఉద్యోగము చేయుచున్నది, వరుని తానే చూచి మెచ్చుకొన్నది. అట్టి పిల్లయు ఆ ప్రశ్న అడుగుటకు అర్ధరాత్రివరకు కాచుకొని కూర్చుండవలసి వచ్చెను. అది మొదటి వింత. రెండవ వింత యేమనగా, సమాధానము తెలిసియుండియు మేము చెప్పలేకపోతిమి. "పొద్దుపోయింది, పడుకోవే" అని దుప్పటి కప్పితిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నాడు చెప్పలేనిది ఇచ్చట చెప్పుచున్నాము.

మేము పుట్టినది రాజమహేంద్రవరమున, సంస్కారప్రియుల ఇంట. మా తాతగారు బడిపంతులు. వీరేశలింగము పంతులుగారి పేరు వినబడినచో కూర్చున్నవారు లేచి నిలుచుండెడివారు. మా యింటి చావడిలోని అద్దాల బీరువాలో పంతులుగారి గ్రంథములు వరుసగా నుండెడివి. ఆడుపిల్లలకు చదువు వలదని ఆ ఇంట ఎవరును అనలేదు. మా నాయనమ్మ పెండ్లియైన తరువాత అక్షరములు నేర్చి, భారతము పైకి చదువగలిగినది. కనుక మాకు కలిగిన సిగ్గు అజ్ఞానపు కొంపలో పుట్టిన సిగ్గు కాదు. వెలుతురున్న ఇంటిలోనే ఒక గదికి మాత్రము తాళము వేసియుండెను. ఆ తాళమును గూర్చియే మా మాట.

మొదట సిగ్గు లేదు. ఏడెనిమిదేండ్ల ప్రాయమున కార్తికమాసమందు తెల్లవారుజామున నాయనమ్మతో గోదావరికి పోయెడివారము. మెట్లపై చలికి పండ్లు కొట్టుకొనెడివి. నీళ్లలో దిగినచో వెచ్చగా నుండెడిది. మెడలోతు వరకు పోయి ఒడలు వదలివేసిన, ఏరు క్రిందనుండి చేతులు పెట్టి ఎత్తినట్లుండెడిది. జుట్టు విడిపోయి నీటిమీద పరచుకొనెడిది. ఒడలంతయు నవ్వుచున్నట్లుండెడిది. ఏ కారణమును లేని ఆ సంతోషమునకు మేము పేరు పెట్టలేదు. నాయనమ్మ గట్టునుండి "చాలమ్మా, ఆడపిల్లవి, ఎవరైనా చూస్తారు" అని కేకవేసెడిది. చూచినచో నేమి యగునో మాకు తెలియదు. కాని ఆ మాట ప్రతి దినమును వినగా వినగా, ఎవరో చూచుచున్నారను తలంపు మాతోకూడ నీళ్లలోనికి దిగనారంభించెను.

పదుమూడవయేట సమర్తాడితిమి. చదువరులలో పెద్దవారికి ఆ వేడుక తెలిసినదే. మూలను తాటాకు చాప వేసి కూర్చుండబెట్టిరి. నువ్వులు బెల్లము దంచి చిమ్మిలి పెట్టిరి. పేరంటాండ్రు వచ్చి హారతులెత్తి పాటలు పాడిరి. కొత్త పరికిణీ కట్టిరి. వీధి వీధికంతకును మా ఒంటిసంగతి తెలిసినది. ఆ ఒంటికి ఏమి జరుగుచున్నదో మాకు మాత్రము ఎవరును చెప్పలేదు. అది ఊరిపండుగ; మాకది చాపమీది ఖైదు. ఆ దినమునుండి అద్దము ముందు నిలుచుండు కాలమునకు లెక్క ఏర్పడినది. బొట్టు దిద్దుకొనుటకు ఎంతసేపు పట్టునో అంతసేపే. పైట సరిచేసికొనుటకు తప్ప ఒంటిని చూచుకొనరాదు. స్నానము త్వరగా ముగింపవలెను. నవ్వునప్పుడు చేయి అడ్డుపెట్టుకొనవలెను. ఈ నియమములను ఎవరును కొట్టి నేర్పలేదు; ఇంటిగాలిలో నుండెను, మేము పీల్చుకొంటిమి.

అదే కాలమున ఒక వేసవిరాత్రి దేవాలయపు పందిరిలో కూచిపూడివారి భామాకలాపము చూచితిమి. వేషధారి పేరు గుర్తులేదు. ఆ దినములలో సత్యభామ వేషమునకు వేదాంతము సత్యనారాయణశర్మగారిదే పేరు; ఆయనే కావచ్చునేమో యని మేము చాలకాలము మురిసితిమి. తెర మీదుగా జడ వేసి, ఆ జడతోనే సవాలుచేసి, సత్యభామ రంగమునకు వచ్చినది. తన అందమును తానే పొగడుకొన్నది, విరహము చెప్పుకొన్నది, కృష్ణునిపై నలిగినది. ముందువరుసలలో కూర్చున్న స్త్రీలందరు, మా నాయనమ్మతో సహా, ముఖములు వెలిగిపోవ చూచిరి. మరునాడు పెరటిలో మేము ఆ నడక నడువబోగా మా అమ్మ వీపున చరచినది. స్త్రీ కోరికను పురుషుడు వ్రాసి, పురుషుడు చీరకట్టి ఆడినచో దానికి హారతి పట్టవచ్చును. ఆడుపిల్ల తన పెరటిలో నాలుగడుగులు వేసినచో తప్పు. ఈ సంగతి నాడు తోచలేదు. వీపు మంట మాత్రము తెలిసినది.

1981లో, మాకు ఇరువదియేండ్లప్పుడు, వివాహమైనది. పంతులుగారు మా యూరిలో మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. సరిగా నూరేండ్లకు మా పెండ్లియని తాతగారు పదిమందితో చెప్పి సంతోషించిరి. మావారు కాకినాడలో లెక్కల ఉపాధ్యాయులు. కట్నము పుచ్చుకొనలేదు. అలకపాన్పు వేడుకలో స్నేహితులు పురికొల్పగా చేతిగడియారము కావలెనని ముఖము ముడుచుకొని కూర్చుండి, రెండు నిమిషములు కాకమునుపే నవ్వివేసిరి. అప్పుడు మేము తలుపుచాటునుండి చూచుచుంటిమి. పెండ్లిలో అలుగుటకు వరునకు పాన్పు వేసి బ్రతిమాలెదరు. వధువు అలుకకు పాన్పు కాదుగదా, పీటయైనను లేదు. తనకేమి కావలెనో ఎరిగినవారికే అలుక సాధ్యము; మమ్మెవరైన నాడు "నీకేం కావాలి?" అని యడిగియుండినను మేము చెప్పగలిగియుండెడివారము కాము.

మావారు మంచివారు. ఈ మాట ముందుగా చెప్పుట మా ధర్మము. వారు మమ్మెన్నడును నొప్పింపలేదు. కాని మా సంసారపు మొదటి ఇరువదియేండ్లకు పైబడిన కాలమును తలచుకొన్నచో మాకు జ్ఞప్తికి వచ్చునది చీకటియును, ఒక మంచపు చప్పుడును. అత్తగారి గదికిని మా గదికిని నడుమ పలుచని చెక్కతడక. మా టేకుమంచము ఊపిరి పీల్చినను కిర్రుమనెడిది. ఆవలనుండి అత్తగారి దగ్గు వినబడెడిది. ఆమె నిజముగా దగ్గుచున్నదో, హెచ్చరించుచున్నదో తెలియదు. మేము ఊపిరి బిగబట్టి ఆ దగ్గు వినుచుండెడివారము. మావారు తొందరగా లేచి పోయెడివారు. ఇద్దరు కుమారులు కలిగిరి. 1996లో సొంతయిల్లు కట్టుకొంటిమి, గోడలు ఇటుకగోడలు, మంచము కొత్తది. అయినను మేము చెవియొగ్గుట మానలేదు. 2004లో అత్తగారు స్వర్గస్థురాలైన పిదపకూడ మానలేదు. ఆ దగ్గు మాలోపలనే కాపురము పెట్టినది.

మాకు కోరిక యనునది లేదనియే మేము నమ్మియుంటిమి. కొందరికి సంగీతము రానట్లు మాకు అది రాదనుకొంటిమి. దానిని సచ్ఛీలమనియు లోలోపల గర్వించియుంటిమి, దాచుట యెందుకు? తరగతిలో మనుచరిత్ర చెప్పునప్పుడు ప్రవరుని నిగ్రహమును అరగంట వివరించెడివారము. వరూధిని మాట వచ్చినచో, "ఈ పద్యము పరీక్షకు రాదు, వదలండి" అని పెన్సిలుతో అడ్డగీత గీయించెడివారము. నలువదిమంది బాలికలు తలలు వంచి గీతలు గీసెడివారు. ఎన్ని సంవత్సరములు, ఎన్ని తరగతులు! వరూధిని అడిగినదానికి ప్రవరుడు కాదనుట అతని హక్కు. కాని అడిగిన ఆడుదాని హృదయమును ఆ పిల్లలకు కనబడకుండ చేయుటకు మాకేమి హక్కు కలదని ఒక్కనాడును ఆలోచింపలేదు.

ఏబదవయేట మాకు ముట్లు ఆగినవి. ఇరుగుపొరుగువారు "అమ్మయ్య, జంజాటం తీరింది" అనిరి. ఇక ఈ ఒంటితో పనిలేదని మేమును అనుకొంటిమి. అది 2011. ఆ యేటి దసరా సెలవులకు హైదరాబాదున మా చెల్లెలి యింటికి పోయి, ఆదివారమునాడు ఆబిడ్సులో కాలిబాటలపై పరచు పాతపుస్తకములు చూడబోతిమి. అచ్చట మాకు దొరికినది ముద్దుపళని రాధికాసాంత్వనము. వావిళ్లవారు 1952లో వేసిన ప్రతి. అట్ట ఊడిపోయినది, చెదలు అంచులు తినినవి. ఆ పేరు మేము ఎరుగుదుము. మా తాతగారి బీరువాలోని ఆంధ్రకవుల చరిత్రమున పంతులుగారు దానిని ఎంత కఠినముగా దూషించిరో బాల్యముననే చదివియుంటిమి. అది స్త్రీలు చదువదగినది కాదని వారి తీర్పు. పంతులమ్మను గదా, సాహిత్యచరిత్రకొరకు కొనుచున్నామని మాకు మేమే చెప్పుకొని, పైన ఒక పోతన భాగవతమును, క్రింద ఒక పచ్చళ్ల పుస్తకమును పెట్టి కట్ట కట్టించితిమి.

కాకినాడకు వచ్చి, మధ్యాహ్నము వేళల తలుపు గడియవేసి చదివితిమి. ఏబదియేండ్ల పంతులమ్మ తన సొంత ఇంటిలో తన సొంత డబ్బుతో కొన్న పుస్తకమును దాచుకొని చదువుట! నవ్వు వచ్చును గాని అది జరిగినది.

ఎరుగనివారికొరకు కొంచెము చెప్పవలెను. ముద్దుపళని తంజావూరును 1739 మొదలు 1763 వరకు ఏలిన ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన గణిక, విదుషి. ఆమె కావ్యమున రాధ ముగ్ధ కాదు, ప్రౌఢ. ఇళ యను బాలికను తానే పెంచి, తానే కృష్ణునకిచ్చి పెండ్లి చేయించినది. తొలిరాత్రికి ముందు కృష్ణునకు, ఈమె పసిది, మెల్లగా ప్రవర్తింపుమని చెప్పినది. పెండ్లికూతునకును చెప్పవలసినది చెప్పినది. పిమ్మట వారిరువురు ఒకటికాగా తాను అసూయతో, విరహముతో కాగిపోయినది, అలిగినది. కృష్ణుడు వచ్చి బ్రతిమాలి సమాధానపరచుటయే ఆ సాంత్వనము. అందు కోరునది ఆమె, కాదనునది ఆమె, ముందుకు వచ్చునదియు ఆమెయే. కావ్యపీఠికలో ముద్దుపళని తన అవ్వ తంజనాయకిని పేర్కొని, తన రూపమును, విద్యను, తాను పండితులను సత్కరించుటను, తనకు కృతులు అంకితమగుటను ఏ సంకోచమును లేక చెప్పుకొన్నది. పురుషకవులు చెప్పుకొన్నది ఆమెయు చెప్పుకొన్నది, అంతియే.

మేము ఆ పుస్తకమున వెదకినది బూతు. దొరికినది మరొకటి. రాధ పెండ్లికొడుకునకు బుద్ధిచెప్పు ఘట్టమును చదువుచు మేము పుస్తకము మూసి ఏడ్చితిమి. మాకెవరును చెప్పలేదను దుఃఖము కొంత. మావారికిని ఎవరును చెప్పలేదు గదా యను జాలి అంతకంటె ఎక్కువ. ఇరువదియారేండ్ల యువకుడు, లెక్కలు తప్ప ఏమియు నెరుగనివాడు, చీకటిలో మాకెంత భయమో తనకును అంతే భయమై యుండును. ఈ ఊహ ముప్పదియేండ్లలో మాకెన్నడును కలుగలేదు.

ఇంకొక సంగతి. ఆ రాధ మా వయస్సుది. పదునారేండ్ల పిల్లకు దక్కు శృంగారమే శృంగారమని మా పాఠ్యపుస్తకములు మాకు నేర్పినవి, మేము ఇతరులకు నేర్పితిమి. ఇచ్చట పెంచినతల్లి వయస్సునకు వచ్చిన స్త్రీ తన ఒడలు ఏమి కోరుచున్నదో తానే ఎరిగి, పేరుపెట్టి చెప్పుచున్నది. జంజాటము తీరినదని ఊరందరు చెప్పిన యేడాదియే మాకు ఆమెతో పరిచయమైనది.

ఈ పుస్తకపు చరిత్రము వేరొక బాధ. పందొమ్మిదవ శతాబ్దపు ముద్రణమున ముద్దుపళని తన్నుగూర్చి చెప్పుకొన్న పీఠికనే తొలగించిరి, పద్యములను వదలివేసిరి. గాయని, పండితురాలు, తానును దేవదాసియైన బెంగళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్లవారిచేత పూర్ణముగా అచ్చువేయించినది. సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు లేదా యని పంతులుగారినే ప్రశ్నించినది. వారు స్వయముగా పరిష్కరించి వెలువరించిన వైజయంతీవిలాసమున ఇంతకు మించిన శృంగారము లేదా యని అడిగినది. దానికి సమాధానముగా వచ్చినది వాదము కాదు, పోలీసులు. 1911లో ప్రతులను పట్టుకొనిరి, గ్రంథము నిషేధింపబడెను. ఒకప్పుడు మా రాజమహేంద్రవరపు పురపాలక సంఘాధ్యక్షులుగా నుండిన టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవచే 1947లో ఆ నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు తిరిగి ముద్రించిరి. నాగరత్నమ్మ ఆ సంవత్సరమే కన్నుమూసినది. మా చేతికి వచ్చినది ఆ ముద్రణపు ప్రతియే.

వీరేశలింగము పంతులుగారిని నిందించుట మా యుద్దేశము కాదు. వారు లేకపోయిన మా నాయనమ్మకు అక్షరములు లేవు, మాకు ఉద్యోగము లేదు, ఈ వ్యాసము లేదు. కాని స్త్రీకి అక్షరము ఇచ్చిన చేయియే ఆమె వ్రాసిన ఒక పుస్తకమును మూసినది. ఈ రెండును నిజములు. ఒకదానిని చెప్పి రెండవదానిని మ్రింగుట మాకు చేతకాదు. స్త్రీ దుఃఖమును పంతులుగారు ఎరిగినంతగా ఆ తరములో మరెవరును ఎరుగరు. స్త్రీ సుఖమును గూర్చి స్త్రీ మాటాడునప్పుడు మాత్రము వారికి వినుటకు మనసొప్పలేదు. మా తాతగారు బ్రదికియుండిన ఈ వాక్యమునకు మమ్ము మందలించి, రాత్రి ఒంటరిగా కూర్చుండి ఆలోచించియుండెడివారని మా నమ్మకము.

చదివినంత మాత్రమున ఒడలు మారదు. మార్పు మెల్లగా, చిల్లరపనులలో వచ్చినది. శనివారము తలంటుకొనునప్పుడు తొందరపడుట మానితిమి. నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, భుజములకు, మోకాళ్లకు, పొట్టపై కాన్పుల చారలకు మేమే నిమ్మళముగా రాచుకొంటిమి. ఆ చారలను అంతవరకు మేము వెలుతురులో చూచియెరుగము. సున్నిపిండి గరుకు, కుంకుడుకాయ నురుగు, సాంబ్రాణి పొగలో ఆరబెట్టిన జుట్టు వాసన, ఇవన్నియు ఎప్పుడును ఉన్నవే. మేమే అచ్చట లేము. మే నెల మధ్యాహ్నములందు చాప తీసివేసి ఎఱ్ఱసిమెంటు గచ్చుపై వీపు ఆనించి పడుకొంటిమి. ఆ చల్లదనము వెన్నులోనికి ప్రాకినప్పుడు, చిన్నతనపు గోదావరి జ్ఞప్తికి వచ్చెను. అదే సంతోషము, నలువది సంవత్సరములు పైగా ఎక్కడనో దాగియుండి. దానికి కారణముగాని, అనుమతిగాని, భర్తగాని అక్కరలేదు. మాకు లేదనుకొన్నది మాకు ఉన్నదని మొట్టమొదట తెలిసినది ఆ గచ్చుమీద.

ఆ శ్రావణమాసమున ఒక రాత్రి, వాన కురియుచుండగా, మావారు అలవాటు చొప్పున దీపమార్పుటకు చేయి చాచిరి.

"ఆర్పకండి" అంటిమి.

"ఏం? చదువుకుంటావా?"

"కాదు. మిమ్మల్ని చూడాలనుంది."

వారు చేయి అట్లే ఉంచి కొంతసేపు నిలుచుండిరి. పిదప వచ్చి మంచముపై కూర్చుండి, కండ్లజోడు తీసి తుడుచుకొని, మరల పెట్టుకొనిరి.

"ఇన్నేళ్లూ నీకిష్టం లేదనుకున్నాను. నన్ను భరిస్తున్నావనుకున్నాను. అందుకే తొందరగా వదిలేసి లేచిపోయేవాణ్ణి" అనిరి.

ఒకరినొకరు బాధపెట్టరాదని ముప్పదియేండ్లు ఒకరికొకరము దూరముగా పడుకొన్నాము! అంతకు మించి ఆ రాత్రిని గూర్చి వ్రాయము. దాచుట కాదు, అది మా ఇరువురిది. ఒక్కటి మాత్రము చెప్పెదము: మంచము కిర్రుమన్నది, మేము చెవి యొగ్గలేదు.

తరువాతి సంవత్సరములలో మేము అలుగుటయును నేర్చితిమి. ఇది హాస్యముగా చెప్పుచున్నాము గాని చిన్నవిషయము కాదు. పడవపై పాపికొండలకు పోవలెనని ఇద్దరము అనుకొన్న దినమున మావారు మమ్మడుగకయే ఎవరికో లెక్కలు చెప్పుటకు ఒప్పుకొనిరి. పూర్వమైనచో "పరవాలేదు లెండి" అని వంటింటిలోనికి పోయెడివారము. నాడు మాత్రము గోడవైపు తిరిగి పడుకొంటిమి. ఏబదినాలుగేండ్లకు తొలి అలుక! సాయంకాలము వారు ఆత్రేయపురము పూతరేకులు తెచ్చి, "ఏం కావాలో చెప్పు" అని మంచముప్రక్క నిలుచుండిరి. మాకేమి కావలెనో మాకు తెలియును. వరుసగా చెప్పితిమి. పడవ అందులో మూడవది.

2021 జనవరిలో మావారు గుండె ఆగి మరణించిరి. పదవనాడు పెద్దలు కొందరు, మెల్లమెల్లగా, పూర్వాచారమును జ్ఞాపకముచేసిరి. గాజులు, పువ్వులు, బొట్టు. బలవంతపెట్టినవారు లేరు, ఇట్టివానిలో ఎవరును బలవంతపెట్టరు, నేలచూపులు చూచెదరు. మేము స్నానము చేసి, తల దువ్వుకొని, పెరటిలోని సన్నజాజులు నాలుగు కోసి ముడిచి, బొట్టు పెట్టుకొని వచ్చి కూర్చుంటిమి. ఒక వృద్ధబంధువు "అమ్మాయీ, ఎవరికోసమమ్మా ఇవన్నీ?" అని దుఃఖముతోనే అడిగిరి. వారి నెట్లు తప్పుపట్టగలము? స్త్రీ ఒడలు ఎవరికొరకో యొకరికొరకని వారికి తెలిసిన లోకమంతయు వారికి చెప్పినది. "నాకోసమే, బాబాయిగారూ" అంటిమి. వారు మరేమియు అనలేదు. ఆ క్షణమున తాతగారి బీరువాలోని పంతులుగారి పుస్తకములు మాకు గుర్తువచ్చినవి. వితంతువునకు మనుష్యజన్మ తిరిగి ఇప్పించినవారు వారే. ఆ ఒక్క విషయమున ముద్దుపళనియును వీరేశలింగము పంతులుగారును మా ఇంటిలో ఒకే బల్లపై కూర్చుందురు, పోట్లాడుకొనినను సరే.

వారు పోయిన పిదప కోరిక పోవునని అనుకొంటిమి. పోలేదు. కొన్ని రాత్రులు వెలితిగా నుండును. దానిని మేము రోగమని అనుకొనము, పాపమని అనుకొనము. ఆకలివేసినప్పుడు ఆకలియైనదని ఎట్లెరుగుదుమో అట్లెరుగుదుము. వాన కురిసినప్పుడు దీపమార్పము. శనివారపు నూనె మానలేదు.

ఈ మాఘమాసమున అప్పగింతలనాడు, బండికి సామాను ఎక్కించుచుండగా, పెండ్లికూతురిని లోపలిగదిలోనికి పిలిచితిమి. మా పెట్టెలోనుండి రాధికాసాంత్వనము తీసి చేతిలో పెట్టితిమి. గోరింటాకు పండిన చేతులతో అది అట్టలేని పుస్తకమును జాగ్రత్తగా పట్టుకొన్నది.

"ఆవేళ నువ్వడిగావే," అంటిమి, "ఉండేదే. ఏభై ఏళ్లు వచ్చాక. నువ్వంత ఆలస్యం చెయ్యకు. అతనికీ ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. ఇద్దరూ అడుక్కోండి, చెప్పుకోండి."

అది తలవంచుకొని పుటలు త్రిప్పినది. అంచులలో పద్యముల ప్రక్కన పెన్సిలు గీతలు కనబడినవి. కొన్నిట ఒక గీత, కొన్నిట రెండు.

"ఇవి వదిలెయ్యాల్సినవా, పెద్దమ్మా?"

"కాదే. నాకిష్టమైనవి."

అది ఫక్కున నవ్వి, చేయి అడ్డుపెట్టుకొనబోయి మానివేసి, పుస్తకమును చీరల నడుమ కాదు, పైననే పెట్టి పెట్టె మూసినది. బయట మా చెల్లెలు ముహూర్తము మించిపోవుచున్నదని కేకలు వేయుచుండెను.